చిన్న బాయిలర్ పనికైనా ప్యాకెట్లు కట్టి ప్లాన్ చేయడం ఎలా

సైట్లో పని ఆగిందంటే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట లేబర్ లేరని. కానీ ఒక్క వారం డైరీ రాసి చూడండి, చాలా రోజులు లేబర్ ఉంటారు, పొద్దున్నే ఎనిమిదికల్లా వచ్చేస్తారు, గాస్కెట్ (పైపు జాయింట్ లీక్ కాకుండా మధ్యలో పెట్టే రింగు) ఉండదు, లేదంటే హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్ లాంటి నిప్పు పనికి అనుమతి) పదకొండున్నరకి గానీ రాదు, ఈలోపు గ్యాంగ్ అంతా నీడలో కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, వాళ్ళ తప్పేం లేదు మరి.

దీనికి మందు పెద్ద ప్రాజెక్టుల వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. కెనడాలో ఆల్బెర్టా ఆయిల్ శాండ్స్ పనుల్లో 2000ల్లో వర్క్‌ఫేస్ ప్లానింగ్ అని మొదలైంది, తర్వాత అమెరికాలో కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కూడా కలిసి దాన్ని పెంచి అడ్వాన్స్‌డ్ వర్క్ ప్యాకేజింగ్ అన్నారు. పేరు చూసి బెదరకండి. ముందు ఏ వరసలో కట్టాలో తేల్చుకో, ఆ వరసలోనే డ్రాయింగూ మెటీరియలూ తెప్పించుకో, పనిని ఒక గ్యాంగ్ చేయగలిగే ముక్కలు చెయ్యి, అడ్డంకులన్నీ తీరాకే ముక్కని చేతికియ్యి, అంతే. రెండు కోట్ల పనికి వాళ్ళ సాఫ్ట్‌వేర్లూ త్రీడీ మోడళ్ళూ మనకెందుకు, ఒక ఎక్సెల్ షీటు, గోడ మీద ఒక బోర్డు, వాట్సాప్ గ్రూపు చాలు.

ఉదాహరణకి ఒక చిన్న ఫ్యాక్టరీలో గంటకి మూడు టన్నుల స్టీమ్ ఇచ్చే బాయిలర్ పెడుతున్నారనుకుందాం. బాయిలర్ షెడ్డు, చిమ్నీ, ఫీడ్ వాటర్ ట్యాంకు, పంపులు, అక్కడి నుంచి ప్రాసెస్ బ్లాక్ దాకా పైప్ ర్యాకు (పైపుల్ని మోసే ఫ్రేము) మీద స్టీమ్ లైను. మూడు నాలుగు నెలల పని.

ముందు చివరి నుంచి వెనక్కి రావాలి. స్టీమ్ ప్రాసెస్ బ్లాక్‌కి చేరాలంటే బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి, ఆయన రావాలంటే నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూసే హైడ్రో టెస్ట్‌కి అంతా రెడీ కావాలి, దానికి వెల్డింగులూ, వాటికి ఎక్స్‌రే తీసే రేడియోగ్రఫీ అయిపోవాలి, దానికి ర్యాకు నిలబడాలి, ర్యాకుకి పునాదులు. అందరూ పునాదుల నుంచి ముందుకి ప్లాన్ చేస్తారు కాబట్టే చివర్లో కాగితాల దగ్గర ఇరుక్కుంటారు. చదరపు సెంటీమీటరుకి 3.5 కేజీల ప్రెషర్ దాటిన స్టీమ్ లైన్ అయితే ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందకి వస్తుంది, అంటే పైపూ వాల్వూ ఐబీఆర్ సర్టిఫికెట్‌తో రావాలి, డ్రాయింగుకి బాయిలర్స్ డిపార్ట్‌మెంట్ అప్రూవల్ కావాలి, వెల్డర్‌కి కూడా ఆ సర్టిఫికెట్ ఉండాలి. ఇది మెకానికల్ వాళ్ళ తలనొప్పి కదా తర్వాత చూద్దాం అనుకుంటే అయిపోయినట్టే, మొదటి వారంలోనే లిస్టులో మొదటి లైనుగా రాసుకోండి.

ఈ వరస కాగితం మీద పెట్టేటప్పుడు సివిల్ మేస్త్రినీ, మెకానికల్ ఫోర్‌మన్‌నీ, ఎలక్ట్రికల్ అతన్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి, టీ ఖర్చే. నేను చేసిన ఒక సైట్లో ఇది చేయలేదు. సివిల్ కాంట్రాక్టర్ బిల్లు కోసం షెడ్డు నాలుగు వైపులా గోడ లేపేసి ప్లాస్టరింగ్ కూడా చేసేశాడు, పది రోజుల తర్వాత ట్రైలర్ మీద బాయిలర్ వచ్చింది, అప్పుడు గుర్తొచ్చింది ఇది లోపలికి ఎటు నుంచి పోతుందని. గోడ పగలగొట్టాం, ట్రైలర్‌కి వెయిటింగ్ చార్జీ కట్టాం, క్రేన్‌కి రెండో రోజు అద్దె కట్టాం. ఒక బే (రెండు కాలమ్‌ల మధ్య జాగా) గోడ కట్టకుండా ఖాళీగా వదిలేయాలి అన్న ముక్క అసలు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

వరస తేలాక ముక్కలు. ఒక ప్యాకెట్ అంటే ఒక గ్యాంగు ఒక వారంలో చేసే పని. ఆరుగురు, రోజుకి 8 గంటలు, 6 రోజులు, మొత్తం 288 గంటలు. పెద్ద ప్రాజెక్టుల్లో ఇంతకంటే పెద్ద ప్యాకెట్లు చేస్తారు గానీ మనకి వారమే నయం, తేడా వస్తే శనివారానికే తెలిసిపోతుంది. "పైపింగ్" అని రాస్తే అది ప్యాకెట్ కాదు, "ర్యాకు ఒకటో కాలమ్ నుంచి ఆరో కాలమ్ దాకా స్టీమ్ లైన్ ఎక్కించి వెల్డింగ్" అని రాస్తే ప్యాకెట్. మొత్తం పనికి పాతిక ముప్పై దాటాయంటే మీరు మరీ సన్నగా తరుగుతున్నారు, వాటిని చూసుకోడానికే మనిషి కావాలి.

ప్రతి ప్యాకెట్‌కీ ఒక ప్లాస్టిక్ కవరు. అందులో డ్రాయింగ్, ఆ ముక్క వరకు స్కెచ్ పెన్నుతో రంగు వేసి, మెటీరియల్ లిస్టు, ఏ పర్మిట్లు కావాలి, స్కాఫోల్డింగ్ ఎక్కడ, హైడ్రా క్రేన్ ఏ రోజు, ఎవరు ఇన్‌స్పెక్ట్ చేస్తారు. ఫోర్‌మన్‌తో కూర్చునే రాయండి, ఆఫీసులో రాసి చేతికిస్తే కవరు అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, అడ్డంకులు తీర్చడం. ఎక్సెల్‌లో ఒక్కో ప్యాకెట్ ఒక్కో లైను, పక్కన గడులు: డ్రాయింగ్, మెటీరియల్, ముందు పని పూర్తి, మనుషులు, మెషిన్లు, పర్మిట్. వచ్చే నాలుగు వారాల ప్యాకెట్లు రోజూ ఒకసారి చూడాలి. మెటీరియల్ గడిలో "స్టోర్లో ఉంది" అన్న మాట నమ్మొద్దు. ఫ్లాంజ్, గాస్కెట్, స్టడ్ బోల్టులు లెక్కపెట్టి ఒక గోనెసంచిలో వేసి ప్యాకెట్ నంబర్ రాసి కట్టాకే టిక్ పెట్టాలి. ఫ్లాంజ్ 150 క్లాసు, వాల్వ్ 300 క్లాసు వచ్చాయన్న సంగతి (ప్రెషర్ క్లాసు వేరైతే ఒకదానికొకటి కలవవు) సంచి కట్టేటప్పుడే తెలియాలి, పైన స్కాఫోల్డింగ్ మీద నిలబడ్డాక కాదు. ముందు పని గడి కూడా అంతే, కాంక్రీట్ పోసిన మర్నాడే పునాది రెడీ అంటారు, ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) కనీసం 7 రోజులు, పీపీసీకి (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) 10 రోజులు తడపాలి, మన ఎండలకి ఇంకా ఎక్కువే. మనుషుల గడిలో సంక్రాంతి రాసుకోండి, శ్రీకాకుళం గ్యాంగు భోగికి ముందే బస్సెక్కేస్తుంది, బీహార్ వాళ్ళుంటే ఛఠ్ పూజ కూడా.

ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ ప్యాకెట్ ఇవ్వొద్దు. ఇక్కడే అందరూ మెత్తబడిపోతారు, ఓనరు వచ్చి గ్యాంగ్ ఖాళీగా ఉంది కదా మొదలుపెట్టించు అంటాడు, సగం చేసి వదిలేసిన పని మళ్ళీ ఎత్తుకోడానికి ఎంత టైము పోతుందో ఆయనకి కనబడదు. అందుకే అన్ని గడులూ నిండిన ప్యాకెట్ ఒకటి ఎప్పుడూ ఎక్స్‌ట్రా పెట్టుకోండి, సపోర్టులు తయారుచేయడం, కింద నేల మీదే స్పూల్ (ముందే అతికించి పెట్టుకునే పైపు ముక్క) వెల్డింగ్ లాంటివి, ఏదైనా ఆగితే గ్యాంగ్‌ని దాని మీదకి తిప్పేయొచ్చు.

ఈ గడుల వెంట పడేది ఒక్క మనిషే అయి ఉండాలి. బిల్లులు చేసే ఇంజనీర్‌కి ఇది అంటగడితే జరగదు. మంచి స్టోర్ కీపర్ ఉంటే అతనికే రోజుకి రెండు గంటలు ఇది అప్పగించండి, నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది అదే.

శనివారం సాయంత్రం లెక్క చూడాలి. ఈ వారం ప్యాకెట్ల లోపల చేస్తామన్న చిన్న పనులు పది, పూర్తయినవి ఆరు, అంటే 60 శాతం. లాస్ట్ ప్లానర్ అనే ప్లానింగ్ పద్ధతిలో దీన్ని పీపీసీ (పర్సెంట్ ప్లాన్ కంప్లీట్) అంటారు, సిమెంటు పీపీసీతో కలిపేసుకోకండి. తొంభై శాతం అయింది సార్ అంటే సున్నా కిందే రాయండి. పూర్తికాని నాలుగింటికీ పక్కన కారణం ఒక్క ముక్కలో, గాస్కెట్, పర్మిట్, వాన, ఇలా. ఎవర్నీ తిట్టకండి, తిడితే వచ్చే వారం నుంచి అబద్ధాలు రాస్తారు. నెల తర్వాత ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి, మా దగ్గర పర్మిట్ అని వచ్చింది, ముందు రోజు సాయంత్రమే సంతకం పెట్టించుకునేలా సేఫ్టీ ఆఫీసర్‌తో మాట్లాడుకున్నాం, పొద్దున గంటన్నర కలిసొచ్చింది.

పని అయ్యాక కవరు పారేయొద్దు. వెల్డర్ నంబర్లు, రేడియోగ్రఫీ రిపోర్టు, మెటీరియల్ సర్టిఫికెట్లు, ఎర్ర పెన్నుతో దిద్దిన డ్రాయింగ్ అందులోనే పెట్టి స్టోర్లో వరసగా నిలబెట్టండి, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు అడిగేవి అవే.