నెల్లూరు, ఒంగోలుల్లో సొంత పాటల రాక్ బ్యాండు కట్టడం ఎలా?

మన జిల్లాల్లో వేదిక మీద వాద్యాలు కనిపించగానే జనం సినిమా పాటలే ఆశిస్తారు. ఆ ఆర్కెస్ట్రా సంప్రదాయం తక్కువది కాదు. నెల్లూరు గర్వంగా చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన సంగీత బృందంలో ఇళయరాజా సినీ సంగీత దర్శకుడు కాకముందే వాయించారు. అయితే ఇండీ బ్యాండు, అంటే సొంత పాటలతో స్వతంత్రంగా నడిచే బృందం, బతికేది సొంత మాటతో, సొంత బాణీతో. అందుకే నలభై సినిమా పాటలు నేర్చుకున్నాక సొంత పాట చూద్దామనుకోకుండా, మొదటి నెలలోనే ఒక పాటైనా కట్టాలని నా గట్టి అభిప్రాయం.

గాత్రం, గిటార్, బేస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికేది), డ్రమ్స్ ఉంటే బ్యాండుకు చాలు. గిటార్ వాయించేవారు సులువుగానే దొరుకుతారు, డ్రమ్మర్ దొరకడమే కష్టం. చర్చిల్లో ఆరాధనకు వాయించే యువకులను అడిగి చూడండి; ప్రతి వారం జనం ముందు వాయించే అలవాటు వల్ల వారి తాళం నిలకడగా ఉంటుంది. సభ్యులు కొందరు ఒంగోలులో, కొందరు నెల్లూరులో ఉంటే మధ్యలోని కావలిలో గది చూసుకోవడం మేలు. ఆదివారం చర్చిలో వాయించేవారికి ఆరాధన ఉంటుంది కనుక సాధనకు మరో రోజు నిర్ణయించుకుని, దాన్ని ఎవరి కోసమూ మార్చకండి.

అసలు శ్రమ పాట కట్టడంలో ఉంది. రాక్‌లో సాధారణంగా నాలుగు బీట్ల ఆవర్తంలో రెండో బీటు మీద, నాలుగో బీటు మీద స్నేర్ డ్రమ్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) గట్టిగా పడుతుంది. ఇంగ్లీషు పాటల బాణీలో తెలుగు మాటలు ఇరికిస్తే ఆ దెబ్బ పొట్టి అక్షరం మీద పడి మాట విరిగిపోతుంది. దీనికి మన ఛందస్సే దారి చూపుతుంది. ‘ఉప్పగ వీచే గాలీ రావే’ అనే పంక్తి తీసుకోండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు లెక్కిస్తే ‘ఉప్పగ’, ‘వీచే’, ‘గాలీ’, ‘రావే’ ఒక్కొక్కటి నాలుగు మాత్రలవుతాయి. ఒక్కో మాటకు ఒక బీటు ఇస్తే స్నేర్ సరిగ్గా ‘వీ’, ‘రా’ అనే దీర్ఘాల మీద పడుతుంది. అదే ‘ఉప్పుగాలి ఊరిమీద’ అని రాస్తే మూడేసి మాత్రల నడక వస్తుంది, దానికి మూడేసి దెబ్బలుగా సాగే సిక్స్ బై ఎయిట్ తాళం కావాలి. మాట ముందు రాసుకుని, చప్పట్లతో చదివి, ఆ తరువాతే గిటార్ పట్టుకోండి. సొంత భాషలో రాక్ నిలబడుతుందా అన్న సందేహం అక్కరలేదు. కేరళకు చెందిన అవియల్ బ్యాండు మలయాళంలో పాడుతూ 2008లో ఆల్బమ్ తెచ్చింది.

తొలి వేదికలు కళాశాల వార్షికోత్సవాలు, వినాయక చవితి పందిళ్లు. అక్కడి సౌండ్ సిస్టం నడిపేవారికి డీజే పాటలు అలవాటు కనుక ఎకో (ప్రతిధ్వని), బేస్ (మంద్ర ధ్వని) ఎక్కువగా పెడతారు. మీరు గంట ముందే వెళ్లి, ఎకో పూర్తిగా తీసేయమని మర్యాదగా అడిగి, ముందు గాత్రం స్పష్టంగా వినిపించాకే మిగతా వాద్యాలను ఒక్కొక్కటిగా పెంచించండి. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) హమ్మని మోగుతుంటే ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాకే తీగలు ముట్టుకోండి, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. ఆరుబయట రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం కాబట్టి మీ వంతు ఎన్ని గంటలకో ముందే ఖాయం చేసుకోవాలి. సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి.

తొలి పాట విడుదలకు ముందే మాటలు ఎవరివో, బాణీ ఎవరిదో, వచ్చే డబ్బు ఎలా పంచుకోవాలో, ఎవరైనా బయటికి వెళితే పాట ఎవరికి చెందుతుందో కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయాలి. స్నేహితుల మధ్య కాగితమేమిటని మొహమాటపడకండి, ఎందుకంటే డబ్బు రాని రోజుల్లోనే ఈ మాట ప్రశాంతంగా మాట్లాడుకోగలరు. స్పాటిఫై వంటి వేదికలకు పాట నేరుగా కాక డిస్ట్రిబ్యూటర్ (పాటలను ఆ వేదికలకు పంపే సంస్థ) ద్వారా చేరుతుంది. సంవత్సరానికి రుసుము తీసుకునేవారూ, రాబడిలో వాటా తీసుకునేవారూ ఉంటారు కాబట్టి షరతులు చదివి ఎంచుకోండి.

పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. 2008లో మొదలైన హిందీ రాక్ బ్యాండు ద లోకల్ ట్రెయిన్ తొలి ఆల్బమ్ 2015లో వచ్చింది. అంతకాలం నిలవాలంటే ఉద్యోగమో చదువో వదలకుండా, ప్రదర్శనల మీద వచ్చిన ప్రతి రూపాయిలో కొంత ఉమ్మడి ఖాతాలో వేసి, తరువాతి రికార్డింగ్‌కు దాన్నే వాడండి.