ఏటీవీ చక్రం బేరింగ్ మార్చడం ఎలా? కొత్తదాన్ని పాడు చేయకుండా ఎక్కించే పద్ధతి

కొత్త బేరింగ్ వేసి నెల తిరక్కుండానే చక్రం మళ్లీ మోత పెడుతోందని చెప్పి తెచ్చిన ఏటీవీలు (రోడ్డు లేని చోట కూడా తిరిగే నాలుగు చక్రాల బళ్లు) నేను చాలా చూశాను. "బేరింగ్ నాసిరకం అండీ" అనేస్తారు. విప్పి చూస్తే చాలాసార్లు బేరింగ్ తప్పేమీ ఉండదు, ఎక్కించేటప్పుడే దాన్ని చంపేసి ఉంటారు. విప్పడం, తుడవడం, బిగించడం ఎవరైనా చేస్తారు. నా బాధంతా బేరింగ్ తన గూట్లోకి దిగే ఆ రెండు నిమిషాల గురించే.

పోయింది బేరింగేనా?

బండిని జాక్‌తో లేపి స్టాండ్ మీద నిలబెట్టండి. ఒట్టి జాక్‌ను నమ్మి కింద చేయి పెట్టొద్దు. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. తర్వాత ఎడమ, కుడి అంచులు పట్టుకుని అలాగే ఊపండి. ముందు చక్రం పక్క అంచులు పట్టినప్పుడు మాత్రమే ఊగితే ముందుగా టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) చూడండి. ఎలా పట్టుకున్నా ఊగుతుంటే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. పైనా కిందా పట్టినప్పుడే ఊగితే బాల్ జాయింట్ (సస్పెన్షన్ ఆర్మ్ చివర ఉండే గుండ్రటి కీలు) కూడా కావచ్చు. అప్పుడు ఇంకొకరిని ఊపమని మీరు టార్చి వేసి చూడండి. హబ్‌కీ (చక్రం బిగించే మధ్య భాగం) నకిల్‌కీ (బేరింగ్ గూడు ఉండే, సస్పెన్షన్‌కు బిగించిన ముక్క) మధ్య కదలిక కనిపిస్తే బేరింగ్, నకిల్‌కీ ఆర్మ్‌కీ మధ్య కనిపిస్తే బాల్ జాయింట్.

ఒక చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఉంచండి. ఇసుక నలుగుతున్నట్టు సన్నటి వణుకు చేతికి తగిలిందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

ఏ బేరింగ్ తెచ్చుకోవాలి?

నంబరు పాతదాని మీదే ఉంటుంది. ఉదాహరణకు 6205 అనుకుందాం. చివరి 05ను 5తో గుణిస్తే 25, అంటే లోపలి రంధ్రం 25 మి.మీ. ఇదే బేరింగ్ బయటి వ్యాసం 52 మి.మీ., వెడల్పు 15 మి.మీ. నంబరు వెనక 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు. జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత. రేకు మూత దుమ్మును కొంత ఆపుతుంది గానీ నీటిని ఆపలేదు. బురదలో, వాగుల్లో తిరిగే బండికి 2ఆర్ఎస్ తప్ప ఇంకోటి వేయకూడదు.

చాలా బళ్లలో ఒక్కో హబ్‌కు రెండు బేరింగులు, మధ్యలో ఒక స్పేసర్ గొట్టం ఉంటాయి. కొన్నింటిలో రెండు వరసల గోళీలున్న వెడల్పాటి బేరింగ్ ఒక్కటే ఉంటుంది. రెండున్నచోట రెండూ మార్చాలి, ఆయిల్ సీళ్లు కూడా మార్చాలి. ఒకటి ఇంకా బాగానే ఉందని వదిలేస్తే అదే బురద తాగిన బేరింగ్ కోసం మళ్లీ ఇదంతా విప్పాలి.

పనిముట్లు: సాకెట్ సెట్టు, సర్క్లిప్ (బేరింగ్ జారిపోకుండా గాడిలో కూర్చునే రింగు) తీసే ప్లయర్, సుత్తి, పొడవాటి పంచ్, హీట్ గన్, టార్క్ రెంచ్, కొత్త స్ప్లిట్ పిన్ను (యాక్సిల్ నట్టు వదులు కాకుండా ఆపే పిన్ను). కొత్త బేరింగులను పని మొదలుపెట్టే ముందురోజు రాత్రే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి.

విప్పడం

చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు పట్టించి, పాత స్ప్లిట్ పిన్ను తీసి యాక్సిల్ నట్టును వదులు చేయండి. తర్వాత బండి లేపి, చక్రం తీసి, బ్రేక్ కాలిపర్ (డిస్కును పట్టి నొక్కే భాగం) రెండు బోల్టులూ విప్పి, దాన్ని తీగతో పైకి కట్టేయండి. హోస్‌కు వేలాడదీయొద్దు. హబ్ లాగేయండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే డ్రైవ్ షాఫ్టును బయటికి గుంజొద్దు, లోపలి జాయింట్ ఊడొస్తుంది. నకిల్‌నే దాని మీదుగా జార్చి తీయాలి.

నకిల్‌ను బండికే ఉంచి బేరింగ్ కొట్టేవాళ్లున్నారు. అది తప్పు. ప్రతి దెబ్బా బాల్ జాయింట్లకు తగులుతుంది, పైగా సూటిగా కొట్టడం కుదరదు. నకిల్ విప్పి బల్ల మీదికి తెచ్చాకే పని మొదలుపెట్టండి.

సీలు పీకాక బురదంతా తుడిచి సర్క్లిప్ కోసం వెతకండి. తుప్పులో కలిసిపోయి ఒక్కోసారి అది కనపడదు. అది ఉందని తెలియక సుత్తి వేస్తే గాడి అంచు విరుగుతుంది. గాడి విరిగితే నకిల్ పోయినట్టే.

పాత బేరింగ్ తీసేటప్పుడు ఎక్కడ కొట్టినా పరవాలేదు, అది ఎలాగూ చెత్తలోకే. గూటి చుట్టూ హీట్ గన్‌తో వేడి చేసి, లోపలి స్పేసర్‌ను పంచ్‌తో కొంచెం పక్కకు నెట్టి, అటువైపు బేరింగ్ ఇన్నర్ రేసు (లోపలి రింగు) అంచు మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు కొడుతూ దించండి. స్పేసర్ దాచండి, అది తిరిగి వేయాల్సిన వస్తువు. గూట్లో పంచ్ గీతలేమైనా పడి ఉంటే సన్న ఎమ్రీ పేపర్‌తో పైపైన సాపు చేసి, శుభ్రంగా తుడవండి.

కొత్తది ఎక్కించడం

ఇక్కడ తొందర పడొద్దు. బేరింగ్‌లో ఔటర్ రేసు (బయటి రింగు), ఇన్నర్ రేసు, మధ్యలో గోళీలు ఉంటాయి. గూట్లో బిగుసుకునేది ఔటర్ రేసు. కాబట్టి నెట్టాల్సింది ఔటర్ రేసునే. ఇన్నర్ రేసు మీద కొడితే ఆ దెబ్బ గోళీల గుండా ప్రయాణించి ఔటర్‌ను నెట్టాలి. గోళీ రేసును తాకేది ఒక్క చుక్కంత చోటే. దెబ్బ బలమంతా ఆ చుక్క మీద పడి అక్కడ సొట్ట పడుతుంది. దీన్ని బ్రినెలింగ్ అంటారు. గట్టి గోళీని లోహంలోకి నొక్కి, ఏర్పడిన సొట్టను బట్టి గట్టిదనం కొలిచే పరీక్షను 1900లో లోకానికి చూపిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరే దానికి పెట్టారు. ఇన్నర్ మీద సుత్తి వేసిన ప్రతిసారీ మీరు ఆ పరీక్షనే కొత్త బేరింగ్ మీద చేస్తున్నారు.

నెలకే మోత పెట్టిన ఒక బేరింగ్‌ను కోసి చూశాను. అద్దంలాంటి ఔటర్ రేసు లోపల, గోళీకీ గోళీకీ ఎంత దూరమో సరిగ్గా అంతే దూరంలో చిన్న చిన్న మచ్చలు. కంటికి నీడల్లా ఉన్నాయి గానీ, గోరుతో రుద్దితే ఒక్కో మచ్చ దగ్గరా గోరు ఆగింది. బయటి నుంచి చూస్తే ఆ బేరింగ్ కొత్తదే.

అందుకే నేను గూటిని వేడి చేసి, బేరింగ్‌ను చల్లబరిచే పద్ధతి తప్ప ఇంకోటి వాడను. హైడ్రాలిక్ ప్రెస్ మంచిదే, కానీ అది ఎంత బలం వేస్తోందో చేతికి తెలియదు. బేరింగ్ వంకరగా దిగుతున్నా నొక్కేస్తూనే ఉంటుంది. నకిల్ అల్యూమినియందైతే పని తేలిక, అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 52 మి.మీ. గూటికి 80 డిగ్రీల వేడి పెంచితే అది సుమారు 0.1 మి.మీ. పెద్దదవుతుంది. ఫ్రీజర్‌లో ఉన్న బేరింగ్ ఇంకో 0.03 మి.మీ. దాకా కుంచించుకుంటుంది. బేరింగ్ బిగుతు అంతా మిల్లీమీటరులో వందో వంతుల లెక్కే కాబట్టి ఈ తేడా చాలు. నకిల్ ఇనుముదైతే లాభం సగమే, అప్పుడు కొంచెం కొట్టక తప్పదు.

గూటి చుట్టూ హీట్ గన్ తిప్పుతూ వేడి చేయండి. నీటి చుక్క వేస్తే చుయ్యిమనాలి, అంతే చాలు. గ్యాస్ మంట పెట్టొద్దు, ఒకేచోట వేడెక్కి అల్యూమినియం మెత్తబడుతుంది. ఇప్పుడు ఫ్రీజర్‌లోంచి బేరింగ్ తెచ్చి తడి తుడిచి, గూటి మీద సమంగా పెట్టి నెట్టండి. చాలాసార్లు బొటనవేళ్లతోనే దిగిపోతుంది. దిగకపోతే ఔటర్ రేసు మీద మాత్రమే కూర్చునే సాకెట్ పెట్టి చిన్న దెబ్బలు వేయండి. పాత బేరింగ్ ఔటర్ రేసును బయటివైపు కాస్త అరగదీస్తే అదీ పనికొస్తుంది. అరగదీయకుండా వాడితే గూట్లో ఇరుక్కుంటుంది.

ఒక పక్క దిగి ఇంకో పక్క లేచిందా, ఆపేయండి. లేచిన వైపు కొట్టి సర్దుదామనుకుంటే గూడు గీరుకుపోతుంది. బయటికి తీసి, మళ్లీ వేడి చేసి మొదలుపెట్టండి. దిగేంతసేపూ దెబ్బ మెత్తగా, దబ్ దబ్‌మని వినిపిస్తుంది. అడుగుకు ఆనగానే ఠంగ్‌మని గట్టిగా పలుకుతుంది. ఆ చప్పుడు వినగానే సుత్తి కింద పెట్టేయండి.

ఇప్పుడు రెండో వైపు తిప్పి ముందు స్పేసర్ వేయండి. ఇది మరిచిపోతే నట్టు బిగించగానే రెండు ఇన్నర్ రేసులూ ఒకదాని వైపు ఒకటి గుంజుకుని, కొత్త బేరింగులు మొదటి రోజే పాడవుతాయి. రెండో బేరింగ్‌కు ఇంకో జాగ్రత్త ఉంది. ఇది దిగుతూ దిగుతూ దాని ఇన్నర్ రేసు స్పేసర్‌కు తగిలి ఆగిపోతుంది. అక్కడి నుంచి ఔటర్‌ను ఇంకా కొడితే భారం మళ్లీ గోళీల మీదే పడుతుంది. అందుకే రెండో దానికి రెండు రేసులనూ ఒకేసారి కప్పే చదునైన బిళ్ల పెట్టి కొట్టాలి. స్పేసర్ లోపల గలగలలాడకుండా పట్టు దొరకగానే ఆపాలి. వేలు పెట్టి తిప్పి చూడండి. బరువుగా తిరిగితే ఎక్కువ దించారన్నమాట. గూడును మళ్లీ కాస్త వేడి చేస్తే పట్టు వదులై ఔటర్ రేసు సర్దుకుంటుంది.

వేడి చేయకముందే, ఫ్రీజర్‌లో పెట్టకముందే బేరింగ్ చేత్తో జారిపోయిందంటే గూడు అరిగిపోయినట్టు. గూటి లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ చుక్కల ముక్కులు కొన్నాళ్లకే అణిగిపోతాయి, బేరింగ్ గూట్లోనే తిరగడం మొదలవుతుంది. నకిల్ మార్చండి.

తిరిగి బిగించడం

సర్క్లిప్ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కొత్త సీళ్ల పెదవికి గ్రీజు రాయండి. విప్పిన వరస తిరగేసి బిగించుకుంటూ రండి. డిస్కుకు గ్రీజు చేయి తగిలితే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. యాక్సిల్ నట్టు టార్క్ (తిప్పి బిగించే బలం) ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించండి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదులు చేయకూడదు. పాత పిన్ను వాడొద్దు.

బండి కదిపే ముందు బ్రేక్ లివర్‌ను గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి. బ్రేకు తక్కువ వాడుతూ పది నిమిషాలు తిప్పి, దిగి రెండు వైపులా హబ్‌ల మీద చేయి దగ్గరగా పెట్టి చూడండి. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. కొత్తది వేసిన వైపు చేయి పెట్టలేనంత కాలుతుంటే ఇంకో రైడుకు తీసుకెళ్లకుండా అప్పుడే విప్పి స్పేసర్ చూసుకోండి.