ప్లైవుడ్ కొనేముందు అంచు చూడండి

మా నాన్న ప్లైవుడ్డుని చెక్క అనేవాడు కాదు, "అట్ట" అనేవాడు. తెనాలి పక్కన మా ఊళ్లో ఎడ్లబండ్లు, ద్వారబంధాలు, పందిరిమంచాలు చేసిన చెయ్యి ఆయనది. టేకు, నల్లమద్ది, వేప తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. నేను ఇరవయ్యెనిమిదేళ్లుగా ఆ అట్టతోనే బతుకుతున్నాను. వంటగదులు, బట్టల అల్మరాలు, టీవీ యూనిట్లు, అన్నీ అదే. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "ఏ కంపెనీ ప్లై తెమ్మంటావు మేస్త్రీ?" కంపెనీ సంగతి తర్వాత. ముందు షీటు అంచు చూడటం నేర్చుకోండి.

వానాకాలంలో మా నాన్నకి ఊరంతా ఒకటే పని, బిగుసుకుపోయిన తలుపులకి చిత్రిక పట్టడం. చెక్క తేమ పీల్చినప్పుడు నార వెంట పొడవు దాదాపు పెరగదు, నారకి అడ్డంగా ఉబ్బుతుంది. ప్లైవుడ్డు పుట్టిందే ఈ గుణాన్ని కట్టెయ్యడానికి. దుంగని ఉడికించి, పెద్ద లేతు మీద తిప్పుతూ పొడుగాటి కత్తి ఆనిస్తే చుట్టిన చాప విప్పినట్టు పలచటి పొర వస్తుంది. ఒక పొర నార నిలువుగా, దాని మీది పొర నార అడ్డంగా పెట్టి, జిగురు రాసి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టుకుని ఆపుతుంది.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. ఈజిప్టులో సక్కారా మెట్ల పిరమిడ్‌లో దొరికిన ఒక శవపేటికని ఆరు పలచటి పొరల చెక్కతో చేశారు, నార అటూ ఇటూ మార్చి, కర్ర మేకులు కొట్టి. ఆరంటే సరి సంఖ్య. ఇవాళ్టి మిల్లులో అయితే ఒప్పుకోరు, పొరలు బేసి సంఖ్యలోనే వేస్తారు. నడిమి పొరకి రెండు వైపులా లాగుడు సమానంగా ఉండాలి, లేకపోతే షీటు అప్పడంలా వంకర తిరుగుతుంది.

మనకి తెలిసిన షీటు మాత్రం అమెరికాది. 1905లో ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో జరిగిన ప్రదర్శన కోసం అక్కడి ఒక కర్రమిల్లు వాళ్లు డగ్లస్ ఫర్ చెక్కతో మూడు పొరల పలకలు చేశారు. జిగురు రాయడానికి రంగులేసే కుంచెలు, నొక్కడానికి ఇళ్లని పైకి లేపే జాకీలు వాడారట. అది చదివినప్పుడు నాకు తెగ ముచ్చటేసింది, మేమూ క్లాంపులు చాలకపోతే సిమెంటు బస్తాలు పెడతాం మరి. కానీ అప్పటి జిగురు నీళ్లకి ఆగేది కాదు. 1934లో జేమ్స్ నెవిన్ అనే ఆయన నీటికి తట్టుకునే జిగురు తయారుచేశాకే ప్లై ఇంటి బయటికి అడుగు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌వాళ్లు మస్కిటో అనే బాంబర్ విమానాన్నే ప్లైవుడ్డు, బాల్సా చెక్కతో కట్టారు. ఇది మా నాన్నకి చెబితే, "అందుకే దానికి దోమ పేరు పెట్టారు" అన్నాడు.

మన దేశంలోకి ఇది ఇంటి సామానుగా రాలేదు, టీ పెట్టెగా వచ్చింది. అస్సాం తేయాకు ఓడలెక్కాలంటే తేలికైన, గట్టి పెట్టెలు కావాలి. అందుకే మిల్లులూ అటువైపే వెలిశాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల నరికివేతకి కళ్లెం వేసి, ఈశాన్య రాష్ట్రాల కలప బయటికి పోకుండా ఆపేసింది. ఆ తర్వాత పరిశ్రమ పొలంగట్ల చెట్లవైపు తిరిగింది. హర్యానాలో యమునానగర్ పోప్లార్, నీలగిరి చెట్ల మీద, కేరళలో పెరుంబవూర్ రబ్బరు చెట్ల మీద బతుకుతున్నాయి. మీ అల్మరా లోపల ఉండేది చాలావరకు అడవి కలప కాదు, రైతు పెంచిన చెట్టే. అది తప్పేం కాదు. పొర ఎలా వేశారు, ఏ జిగురు పూశారు అన్నదే లెక్క.

జిగురు దగ్గరే నేను దెబ్బతిన్నాను. కొత్తగా సొంతంగా పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక టీచరమ్మ వంటగది ఒప్పుకున్నాను. షాపాయన "వాటర్‌ప్రూఫే, తీసుకుపో" అన్నాడు. ఎర్రగా, బరువుగా ఉందని నమ్మేశాను. రెండో వానాకాలానికి సింకు కింద అడుగు పలక పూరీలా పొంగింది. వేలితో గీకితే పొరలు ఉల్లిపాయలా ఊడొచ్చాయి. "ఏం మేస్త్రీ, ఇదేనా నీ వాటర్‌ప్రూఫు?" అంది ఆవిడ. కూలి తీసుకోకుండా మళ్లీ చేసిచ్చాను. ఆ ఎరుపు రంగు పూసిందని అప్పుడు తెలిసింది. రంగుని నమ్మకండి.

షీటు మీద ముద్ర చదవండి. ఐ.ఎస్. అంటే మన దేశ ప్రమాణం నంబరు. ఐ.ఎస్. 303 అంటే మామూలు వాడకానికి. అందులోనే ఎం.ఆర్. (తేమకి ఆగేది) అని ఉంటే యూరియా జిగురు, గాలిలో తేమకి ఆగుతుంది గానీ నిలిచిన నీళ్లకి ఆగదు. పడకగది, హాలు, పూజ అల్మరా, వీటికి చాలు. బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీళ్లకి ఆగేది) అంటే ఫినాల్ జిగురు, వంటగదికి అదే. ఐ.ఎస్. 710 మెరైన్, 72 గంటలు ఉడికించినా పొర విడవకూడదన్నది దాని పరీక్ష. సింకు కింద, స్నానాలగది గోడకి ఆనుకునే చోట ఇదే వేయించండి. ఇల్లంతా మెరైన్ వేయమంటే వేస్తాను గానీ, అది డబ్బు దండగ. ఐ.ఎస్.ఐ. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరుని ప్రమాణాల సంస్థవాళ్ల బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలో నకిలీనో తేలిపోతుంది.

ఇక అంచు. షీటుని వెలుతురు వైపు తిప్పించి నాలుగు పక్కలా చూడండి. పొరల మధ్య సందులు, ఒకదాని మీదికొకటి ఎక్కిన పొరలు, చెక్కపొడి కలిపిన లప్పం మెత్తిన మచ్చలు కనిపిస్తే వద్దనండి. అంచుకి మందంగా రంగు పూసి ఉంటే ఒక మూల గీకమనండి. పొరలు లెక్కపెట్టండి. 18 ఎం.ఎం. షీటులో నాకు 13 కనిపిస్తే సంతోషం, 9 ఉంటే అంత మందం లోపల దేనితో నింపారోనని అనుమానం. మందం టేపుతో కాదు, వెర్నియర్‌తో (రెండు దవడల మధ్య పట్టి కొలిచే స్కేలు) మూడు చోట్ల కొలవాలి. 18 అని బిల్లు రాసి 16 ఇచ్చినవాళ్లని చూశాను. తర్వాత సుత్తి పిడితో వరసగా తట్టుకుంటూ వెళ్లండి. బోలు శబ్దం వచ్చిన చోట లోపల ఖాళీ ఉన్నట్టే, రేపు మీ స్క్రూ అక్కడే లూజవుతుంది.

ఇంకా అనుమానముంటే అరచెయ్యంత ముక్క అడిగి తెచ్చి ఇంట్లో ఉడకబెట్టండి. నేను వేణ్నీళ్ల పొయ్యి మీద పాత సత్తు గిన్నెలో వేసి వదిలేస్తాను. యూరియా జిగురుదైతే పూట తిరక్కుండానే పొరలు విచ్చుకుంటాయి. వంట గిన్నె మాత్రం వాడకండి. ఒకసారి మా ఇంటావిడ కుక్కర్ తీశాను, ఇంకా దెప్పుతూనే ఉంది.

షీటు 8 అడుగులు, 4 అడుగులు. 18 ఎం.ఎం. అయితే 35 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు కావాలి. తెచ్చాక గోడకి వాల్చకండి, కింద మూడు కర్రలు వేసి బల్లపరుపుగా పేర్చండి. అల్మరాలో సామాను పెట్టే అరకి పలక కోసేటప్పుడు పై పొర నార పలక పొడవు వెంట ఉండాలి. అడ్డంగా కోస్తే ఎక్కువ ముక్కలొస్తాయని కుర్రాళ్లు ఆశపడతారు, ఆర్నెల్లకి పుస్తకాల బరువుకి ఉయ్యాలలా వంగుతుంది. సరిగ్గా కోసినా రెండున్నర అడుగులు దాటితే మధ్యలో ఆనుడు పెట్టించండి. గుండ్రటి బ్లేడు తిరిగే చేతిమిషన్‌తో కోసేటప్పుడు మంచి ముఖం కింది వైపు ఉండాలి, బ్లేడు పన్ను కింది నుంచి పైకి లేస్తుంది కాబట్టి చిట్లేది పైముఖమే. అంచులోకి స్క్రూ దించేముందు సన్న బిట్టుతో రంధ్రం చెయ్యాలి, లేకపోతే పొర చీలుతుంది.

ఏడడుగుల అల్మరా తలుపుకి ప్లై వద్దు, బ్లాక్‌బోర్డు (బడిలో నల్లబల్ల కాదు, లోపల కర్ర పట్టీలు పేర్చి పైన పొరలు అతికిన పలక) వేయించండి, నిటారుగా నిలబడుతుంది. కోసిన ప్రతి అంచుకీ ప్రైమర్ పట్టించండి, కనపడని వెనక అంచుకి కూడా. నీళ్లు తాగే నోరు అదే. పెట్టె వెనక గోడకి అరంగుళం ఖాళీ వదలండి. అడుగు పలక నేలకి ఆనకుండా నాలుగంగుళాల ఎత్తున గ్రానైటు గద్దె మీద కూర్చోవాలి, మా వైపు చెద నేలలోంచే ఎక్కుతుంది. తడిగుడ్డతో ఇల్లు తుడిచే అలవాటున్న ఇంట్లో ఈ నాలుగంగుళాల ఎత్తు వద్దంటే నేను పని ఒప్పుకోను.