బాలికల అక్రమ రవాణాను ఆరోగ్య కార్యకర్తలు అడ్డుకోవడం ఎలా?

ఇంటికి పోలీసులు వస్తే వీధంతా తొంగిచూస్తుంది. ఆరోగ్య కార్యకర్త వస్తే ఎవరికీ అనుమానం రాదు. టీకాలకనీ, రక్తహీనత పరీక్షలకనీ ఏడాది పొడవునా తిరిగే ఆమెకు ఏ ఇంట్లో అప్పులు పెరిగాయో, ఏ అమ్మాయి బడి మానేసిందో అందరికన్నా ముందే తెలుస్తుంది. రక్షణ కార్యక్రమాన్ని ఈ పరిచయం మీదే నిర్మించాలి.

శిక్షణలో మొట్టమొదట చెప్పవలసినది ఒకటుంది. ఐక్యరాజ్య సమితి 2000లో ఆమోదించిన పాలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, 18 ఏళ్లలోపు వారిని దోపిడీ కోసం చేర్చుకోవడం, తరలించడం, దాచి ఉంచడం, అందులో బలవంతం గానీ మోసం గానీ లేకపోయినా, అక్రమ రవాణాయే అవుతుంది. కాబట్టి 'తనే ఇష్టపడి వెళ్లింది' అన్న మాటతో ఎవరూ ఊరుకోకూడదు.

అలాగని ఊరు దాటితే ప్రమాదమని అమ్మాయిలను భయపెట్టడం తగదు. భయపెడితే చెప్పకుండా వెళ్లిపోతారు, అప్పుడు వారి జాడ తెలిసేవారే ఉండరు. పని ఇచ్చేది ఎవరు, చిరునామా ఏమిటి, గుర్తింపు పత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి, తిరిగి రావాలంటే దారేది అన్న ప్రశ్నలు బయలుదేరే ముందే వేసుకోవడం నేర్పాలి.

ఆరోగ్య కేంద్రానికి వచ్చిన ప్రతి బాలికతోనూ కాసేపు ఒంటరిగా మాట్లాడడాన్ని నియమంగా పెట్టుకోవాలి. అందరికీ ఒకటే పద్ధతి అయితే, "బరువు చూసి పంపిస్తాను, మీరు కాస్త బయట కూర్చోండి" అన్నప్పుడు వెంట వచ్చినవారికి అనుమానం కలగదు. ప్రతి ప్రశ్నకూ వారే జవాబు చెప్పడం, అమ్మాయి నోరు తెరిచే ముందు వారి ముఖం వైపు చూడడం, తానుంటున్న చోటు చెప్పలేకపోవడం వంటివి గమనించాలి. ఇవి రుజువులు కావు, జాగ్రత్తగా అడగడానికి కారణాలు మాత్రమే. భాష తెలియకపోతే వెంట వచ్చిన మనిషిని మాత్రం దుబాసీగా పెట్టుకోకూడదు.

అడగడానికి ముందే ఆశ్రయం, న్యాయ సహాయం, బాలల రక్షణ అధికారులతో ఏర్పాట్లు పూర్తయి ఉండాలి. సాయం చేసే దారి లేకుండా గాయాన్ని కెలకడం అన్యాయం. ఏ విషయం రహస్యంగా ఉంచగలరో, ఏది చట్టప్రకారం తెలియజేయక తప్పదో బాలికకు ముందే చెప్పాలి. ఆమె చెప్పినంతే వినాలి, వివరాల కోసం గుచ్చి గుచ్చి అడగకూడదు. కుటుంబంలోని వారే అమ్మివేసిన సందర్భాలుంటాయి, కనుక ఆ సంగతి తేలేవరకు ఇంటికి కబురు పంపకూడదు.

లైంగిక హింస జరిగి ఉంటే ఆలస్యం పనికిరాదు. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపు, అత్యవసర గర్భనిరోధకం 5 రోజుల్లోపు అందాలి, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. హెపటైటిస్-బి టీకా అంతకుముందు వేయించుకోని బాలికకు మొదటి మోతాదు వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది ఇస్తారు కనుక, ఆమెను మళ్లీ కలిసి క్షేమం కనుక్కోవడానికి ఆ తేదీలనే వాడుకోవచ్చు.