ప్రాసెసర్ కొలత, 4వ పాఠం: సగటులో కనిపించని కుదుపులు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన చిక్కుముడి విప్పుదాం. 2020లో ఏఎమ్‌డీ రెండు చవక ప్రాసెసర్లు జంటగా తెచ్చింది: రైజన్ 3 3100, రైజన్ 3 3300ఎక్స్. రెండింటికీ నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 16 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ), 65 వాట్లు. గరిష్ఠ క్లాక్ ఒకదానికి 3.9 గిగాహెర్ట్జ్, రెండోదానికి 4.3. అంటే తేడా పది శాతం. మరి కొన్ని గేముల్లో 3300ఎక్స్ అంతకంటే ఎక్కువ తేడాతో ఎందుకు ముందుంటుంది అని అడిగాను.

‘క్యాష్ ఎక్కువ కాబట్టి’ అని రాసుకున్నవాళ్లు పైన ఇచ్చిన అంకె మళ్లీ చూడండి. రెండింటికీ అదే 16. కిటుకంతా లోపలి అమరికలో ఉంది. 3100లో నాలుగు కోర్లు రెండేసి చొప్పున రెండు జట్లు. క్యాష్ కూడా చెరో ఎనిమిది ఎంబీలు. ఒక జట్టులోని కోర్‌కి అవతలి జట్టు దగ్గరున్న డేటా కావాలంటే నేరుగా అందదు, పక్కనే ఉన్న ఐఓ చిప్ (డేటా రాకపోకలు చూసే ముక్క) దాకా వెళ్లి చుట్టు తిరిగి రావాలి. 3300ఎక్స్‌లో నలుగురూ ఒకే గదిలో కూర్చుని ఒకే అలమరా వాడుకుంటారు. గేముల్లో కోర్లు ఒకదాన్నొకటి క్షణక్షణం సమాచారం అడుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ చుట్టుతిరుగుడు బాగా తగులుతుంది.

ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా రాయరు. మొదటి మూడు పాఠాల్లో డబ్బా చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టి కొలతలోకి దిగుదాం.

ఒక చిన్న లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. ‘అ’, ‘ఆ’ అని రెండు ప్రాసెసర్లు ఉన్నాయనుకుందాం. ఒకే గేము, ఒకే గ్రాఫిక్స్ కార్డు. రెండింటి మీదా వెయ్యి ఫ్రేములు (తెర మీదికి వచ్చే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) కొలిచాం.

‘అ’ మీద 991 ఫ్రేములు ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్లలో వచ్చాయి. మిగతా తొమ్మిది మాత్రం ఒక్కొక్కటి 100 మిల్లీసెకన్లు తీసుకున్నాయి. మొత్తం 9,910 ప్లస్ 900, అంటే 10,810 మిల్లీసెకన్లు. వెయ్యిని 10.81 సెకన్లతో భాగిస్తే సగటు 92.5 ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు).

‘ఆ’ మీద వెయ్యికి వెయ్యీ 12 మిల్లీసెకన్ల చొప్పున వచ్చాయి. మొత్తం 12 సెకన్లు, సగటు 83.3 ఎఫ్‌పీఎస్.

సగటు ఎఫ్‌పీఎస్ బార్ గీస్తే ‘అ’ గెలిచింది, అదీ పదకొండు శాతం తేడాతో. కానీ ఆడేవాడికి ‘అ’ మీద పదకొండు సెకన్లలోపే తొమ్మిదిసార్లు తెర ఆగి కదిలినట్టు ఉంటుంది. మలుపు తిరిగే చోట ఒకటి, శత్రువు ఎదురైనప్పుడు ఇంకొకటి. ‘ఆ’ మీద అలాంటిదేం ఉండదు. నన్నడిగితే కళ్లు మూసుకుని ‘ఆ’ తీసుకుంటాను.

చవక ప్రాసెసర్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఖాళీ మైదానంలో నాలుగు కోర్ల చిప్ కూడా బాగానే పరుగెడుతుంది. నగరంలోకి బండి వేసుకుని వెళ్లినప్పుడు కొత్త వీధి లోడ్ చేయాలి, గుంపును నడిపించాలి, చప్పుడు కలపాలి, వెనక వాయిస్ చాట్ కూడా నడవాలి. అన్నీ ఒకేసారి మీద పడితే ఒక ఫ్రేము ఆలస్యమవుతుంది. ఆ ఒక్క ఆలస్యం సగటులో కరిగిపోతుంది. కంటికి మాత్రం దొరుకుతుంది.

‘1% లో’ అంటే ఏమిటి, ఎవరి లెక్క?

అందుకే సగటు పక్కన ‘1% లో’ (ఇంగ్లిష్ ‘low’, అంటే అట్టడుగు) అనే అంకె వేస్తారు. చాలామంది ఇది చూసి తృప్తిపడి ఆగిపోతారు. అక్కడే ఆగకండి, ఇందులో ఒక మెలిక ఉంది. ఈ అంకెను కనీసం రెండు పద్ధతుల్లో కడతారు.

మొదటి పద్ధతిలో అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేములు తీసి వాటి సగటు చూస్తారు. మన ‘అ’ లెక్కలో ఒక శాతం అంటే పది ఫ్రేములు: 100 మిల్లీసెకన్లవి తొమ్మిది, 10 మిల్లీసెకన్లది ఒకటి. సగటు 91 మిల్లీసెకన్లు, అంటే 11 ఎఫ్‌పీఎస్.

రెండో పద్ధతిలో ఫ్రేములన్నిటినీ వేగమైనది ముందు వచ్చేలా వరుసలో పేర్చి 99వ శాతం దగ్గర ఉన్న ఒక్క ఫ్రేమునే చూస్తారు. ‘అ’లో ఆ ఫ్రేము 10 మిల్లీసెకన్లది. అంటే 100 ఎఫ్‌పీఎస్! సగటు కంటే ‘లో’ ఎక్కువ వచ్చింది. నవ్వొచ్చే ఫలితమే, కానీ లెక్క తప్పు కాదు. కుదుపులు ఒక శాతం కంటే తక్కువ ఉన్నందున గీత వాటిని తాకకుండా పోయింది.

డేటా ఒకటే, అంకెలు 11, 100. కాబట్టి ఒకరి పరీక్షలోని ‘1% లో’ తెచ్చి ఇంకొకరి పరీక్షలోని దానితో పోల్చకండి. ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం) గ్రాఫ్ ఇచ్చి ఉంటే ముందు దాన్నే చూడండి. గీత నిలకడగా ఉందా, మధ్యమధ్య సూదుల్లా పైకి లేస్తోందా అన్నది ఏ అంకె కంటే త్వరగా తెలుస్తుంది.

మీరే కొలవడం ఎలా

ప్రెజెంట్‌మాన్ అని ఇంటెల్ వాళ్ల ఉచిత సాధనం ఉంది, ప్రతి ఫ్రేముకీ పట్టిన సమయాన్ని ఫైల్లో రాస్తుంది. దాన్ని వాడుకునే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అయితే గ్రాఫ్ కూడా గీసి ఇస్తుంది. ఏదైనా పర్లేదు.

గేములో వీ-సింక్ (ఫ్రేముల వేగాన్ని తెర వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ పరిమితి రెండూ తీసేయండి. ఎప్పుడూ ఒకే దారిలో ఒక నిమిషం నడవండి, అదీ జనం ఉన్న చోట. మొదటిసారి వచ్చిన ఫలితం చెత్తబుట్టలో వేయండి, ఎందుకంటే మొదటి పరుగులో షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవుతూ కుదుపులు పుట్టిస్తాయి. ఆ నింద ప్రాసెసర్ మీద వేయకూడదు. తర్వాత మూడుసార్లు కొలిచి మధ్యది తీసుకోండి.

ఇక నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. 3200 వేగం అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ కొని బిగించి, దాదాపు ఏడాది పాటు ప్రాసెసర్‌ని తిట్టుకున్నాను. ఒకరోజు విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం 2133 అని ఉంది. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని రాసి ఉన్న వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదన్నమాట! చేసింది నేనే, తిట్లు తిన్నది ప్రాసెసర్. కొలత మొదలుపెట్టే ముందు ఆ పేజీ తెరిచి చూడండి. ర్యామ్ కడ్డీ ఒక్కటే ఉంటే ఇంకొకటి జోడించండి. రెండున్నా పక్కపక్క స్లాట్లలో గుచ్చితే నాలుగు స్లాట్లున్న చాలా బోర్డుల మీద ఒకే చానెల్‌లో (ఒకే దారిలో) నడుస్తాయి. మదర్‌బోర్డు పుస్తకంలో ఏ రెండు స్లాట్లో బొమ్మ వేసి ఉంటుంది.

దొంగ ఎవరు: ప్రాసెసరా, కార్డా?

మీ గేము 1080పీ రిజల్యూషన్ (తెర బొమ్మలోని చుక్కల సంఖ్య) వద్ద 84 ఎఫ్‌పీఎస్ ఇస్తోందనుకోండి. రిజల్యూషన్‌ని 720పీకి దించండి. 84 కాస్తా 130 అయితే ఇంతసేపూ గ్రాఫిక్స్ కార్డే ఆయాసపడుతోందని అర్థం, ప్రాసెసర్‌కి ఇంకా ఓపిక ఉంది. 84 నుంచి 86కి కదిలి ఆగిపోతే ప్రాసెసర్ పైకప్పు తగిలినట్టే. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ సెట్టింగుల్లో అంకె పెద్దగా పెరగదు.

‘720పీలో ఎవరు ఆడతారండీ’ అనకండి. 1080పీలో డీఎల్‌ఎస్‌ఎస్ గానీ ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే సెట్టింగులు) క్వాలిటీ మోడ్‌లో పెడితే లోపల గీసేది 720పీ బొమ్మే. అది వాడేవాళ్లంతా తెలియకుండానే ఈ పరీక్ష రాస్తున్నారు.

కొన్ని గేములు ఈ కూడికలన్నీ మనకు చేసి పెడతాయి. షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్‌లోని బెంచ్‌మార్క్ చివర్లో ఎంత శాతం సమయం గ్రాఫిక్స్ కార్డు వల్ల ఆగామో చెబుతుంది. సివిలైజేషన్ 6లో ఏఐ బెంచ్‌మార్క్ ఉంది. అది ఎఫ్‌పీఎస్ జోలికి పోకుండా కంప్యూటర్ ఆటగాళ్లు తమ వంతు ముగించడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూపిస్తుంది. ప్రాసెసర్ కోసమే పుట్టిన పరీక్ష అది.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 40 శాతం అని చూసి ‘ఇంకా సగం పైన ఖాళీయే’ అనుకోవడం మామూలు పొరపాటు. ఎనిమిది థ్రెడ్ల చిప్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా అక్కడ కనిపించేది పన్నెండున్నర శాతమే. పైగా విండోస్ ఆ పనిని కోర్ల మధ్య తిప్పుతూ ఉంటుంది కాబట్టి విడివిడి గ్రాఫుల్లో కూడా ఏదీ నిండినట్టు కనబడకపోవచ్చు. దానికి బదులు గ్రాఫిక్స్ కార్డు వాడకం చూడండి. పరిమితులేవీ లేకుండా అది 95 కంటే బాగా తక్కువలో తిరుగుతుంటే కార్డు పనికోసం ఎదురుచూస్తోందని అర్థం.

రోజువారీ పని

దీని గురించి ఎక్కువ చెప్పను. బ్రౌజర్, లెక్కల షీట్లు, వీడియో కాల్ వరకైతే ఇప్పటి నాలుగు కోర్ల చిప్ చాలు. నత్తనడక కనిపిస్తే ముందు ర్యామ్‌నీ, డిస్క్‌నీ అనుమానించండి. పని పెద్దదైతే బెంచ్‌మార్క్ స్కోర్లు వదిలేసి స్టాప్‌వాచ్ పట్టుకోండి: మీరు నిజంగా ఎగుమతి చేసే వీడియో, మీరు నిజంగా జిప్ చేసే ఫోల్డర్. వీడియో పని ఉన్నవాళ్లు ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్న చిప్ కొనేముందు ఆలోచించాలి. అందులో గ్రాఫిక్స్ పనిచేయదు కాబట్టి వీడియో ఎగుమతిని వేగం చేసే క్విక్ సింక్ కూడా ఉండదు. కార్డు పాడైన రోజు తెర కూడా వెలగదు.

రెండు చిప్‌లు, ఒక ఉచ్చు

ఇప్పటిదాకా నేర్చుకున్నది 2022 నాటి రెండు చిప్‌ల మీద వాడి చూద్దాం. కోర్ ఐ3-12100ఎఫ్: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 12 ఎంబీ ఎల్3, గరిష్ఠంగా 4.3 గిగాహెర్ట్జ్. రైజన్ 5 5500: ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 16 ఎంబీ, 4.2. వీడియో ఎగుమతి, కంప్రెషన్ లాంటి పంచుకోదగిన పనుల్లో ఆరు కోర్లదే పైచేయి. కోర్‌కి కోర్ పోలిస్తే ఇంటెల్‌ది చురుకు, కాబట్టి ఆట ఒక్కటే నడుస్తున్నప్పుడు ఐ3 ఏమాత్రం తీసిపోదు. ఆటతో పాటు వెనక రికార్డింగ్, వాయిస్ చాట్, పాతిక ట్యాబులు పెట్టే అలవాటుంటే నాలుగు కోర్ల మీద ఫ్రేమ్‌టైమ్ గీత ముందు చెదురుతుంది.

ఉచ్చు ఎక్కడంటే, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య డేటా నడిచే దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 5500 3.0కే పరిమితం. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే చవక కార్డు ఆ దారిలో నాలుగు లేన్లే (వరుసలే) వాడుతుంది. 4.0లో ఆ నాలుగు లేన్ల మీద సెకనుకి దాదాపు 8 జీబీ పోతుంది, 3.0లో అందులో సగమే. ఆ కార్డు మెమరీ కూడా మామూలుగా 4 జీబీయే కాబట్టి అది నిండగానే డేటా ఈ ఇరుకు దారిలో అటూ ఇటూ తిరగాలి. అక్కడ మొదలవుతాయి కుదుపులు. చవక చిప్, చవక కార్డు, విడివిడిగా రెండూ సబబైనవే. జత కుదరదు, అంతే. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఇప్పటికే మీ దగ్గరుంటే రెండోది కొనొద్దు. 5500 బదులు 5600 తీసుకుంటే, మదర్‌బోర్డు కూడా 4.0దైతే, 4.0 వస్తుంది, ఎల్3 కూడా 32 ఎంబీ.

అభ్యాసం

మీ దగ్గరున్న గేములో జనం ఎక్కువగా ఉండే చోటు ఒకటి ఎంచుకుని 1080పీలో మూడుసార్లు, 720పీలో మూడుసార్లు కొలవండి. సగటుతో పాటు, 33 మిల్లీసెకన్లు దాటిన ఫ్రేములు ఎన్నో విడిగా లెక్కపెట్టండి. తర్వాత బ్రౌజర్‌లో ఒక వీడియో నడుస్తుండగా మళ్లీ అదే దారిలో నడిచి ఆ లెక్క ఎంత మారిందో రాసుకోండి. ఆ కాగితం దాచి ఉంచండి, 5వ పాఠంలో కూలర్ దగ్గరికి వచ్చినప్పుడు అరగంట ఆడి వేడెక్కిన చిప్ మీద ఇదే కొలత తీసి రెండూ పక్కపక్కన పెడతాం.