తుఫాను తర్వాత ఒరిగిన బీచ్ గోడ: గుర్తులు, కారణాలు, మరమ్మతు

తుఫాను దాటిన మర్నాడు బీచ్ రోడ్డుకు వచ్చినవాళ్ళందరి కళ్ళూ ఒరిగిన గోడ మీదే ఉంటాయి. నేను ముందు గోడ కింద ఇసుక ఎంత దిగిందో చూస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక నాకు అలవాటైన పద్ధతి ఇది. గోడ పడటం చివర్లో జరుగుతుంది. అంతకు చాలా ముందే ఇసుక వెళ్ళిపోయి ఉంటుంది.

పరిశీలనకు పాటు సమయంలోనే వెళ్ళండి. పోటులో వెళితే అసలు చూడాల్సిన చోటు నీళ్ళ కింద ఉంటుంది. పగుళ్ళిచ్చిన ఫుట్‌పాత్ మీద మాత్రం కాలు పెట్టొద్దు, కింద డొల్లగా ఉండొచ్చు.

గోడ సముద్రం వైపు ఒరిగింది, లేదా రాళ్ళ కట్ట కిందికి జారింది

నిట్టనిలువు గోడకు కొట్టిన అల పైకి ఎంత ఎగురుతుందో, కిందికీ అంత బలంగా తవ్వుతుంది. గోడ పాదం దగ్గర గుంట పడుతుంది. పునాదికి ఆసరా పోయాక, వెనక మట్టిలో నిలిచిన వాననీరు గోడను ముందుకు తోస్తుంది. గోడ వెంట కొన్ని అడుగులకోసారి ఇనుప కడ్డీ దించి చూడండి. ఎక్కడ సులువుగా లోపలికి దిగుతుందో అక్కడ అల తవ్విన గుంటలో వదులు ఇసుక ఇటీవలే నిండిందన్నమాట. పైకి చదునుగా కనిపించినా నమ్మొద్దు.

మరమ్మతు పాదం నుంచే మొదలవ్వాలి. ముందు తవ్వకం, తర్వాత చిన్న రాళ్ళ పొర, దాని మీద పెద్ద రాళ్ళు. వాటిని సముద్రం వైపు కొంత దూరం పరిస్తే, రేపు ఇసుక కోసుకుపోయినా ఆ రాళ్ళే గుంటలోకి దిగి పునాదిని కాపాడతాయి. పైన జారిన రాళ్ళను మళ్ళీ పేర్చి ఊరుకుంటే ఆ డబ్బు సముద్రంలో పోసినట్టే.

గోడ నిలబడే ఉంది, వెనక ఫుట్‌పాత్ కుంగింది

రాళ్ళ సందుల్లోంచి అల వెనక్కి లాగినప్పుడల్లా కాస్త కాస్త మట్టి బయటికి పోతోంది. లోపల మట్టిని ఆపి నీటిని మాత్రం వదిలే వడపోత పొర లేదు, లేదా చిరిగింది. ఒకచోట ఇలాంటి గుంటను శిథిలాలతో నింపి, పైన టైల్స్ వేసి పని అయిపోయిందన్నారు. తర్వాతి వర్షాకాలానికి అదే చోట మళ్ళీ కుంగింది. చూసి చాలా బాధేసింది. గుంటను పూర్తిగా తెరిచి, ఆ వడపోతకు వాడే జియో టెక్స్‌టైల్ బట్ట పరిచి, దాని మీద కంకర వేసి, అప్పుడు మట్టి నింపాలి. గోడలోని నీటి రంధ్రాలు మూసుకుపోయి ఉంటే శుభ్రం చేయాలి.

రాళ్ళు ఎగిరి దూరంగా పడ్డాయి

రాళ్ళ బరువు చాలలేదు. అల ఎత్తు రెట్టింపైతే రాయి బరువు రెట్టింపు చేస్తే సరిపోదు, ఎనిమిది రెట్లు కావాలి. రాయి రకం కూడా ముఖ్యమే. మన చుట్టూ కొండల్లో దొరికే ఖోండలైట్ తొందరగా పిప్పిలా మారుతుంది. సుత్తితో కొడితే ఖంగుమనే రాయినే తీసుకోండి. చార్నొకైట్ అలాంటి గట్టి రాయి.

గోడ అయిపోయిన చోట కొత్తగా కోత

గోడ అంచు దగ్గర అల పక్కకు తిరిగి మట్టిని కోస్తుంది. అంచును నేల లోపలికి వంచి కట్టాలి. గోడను ఇంకాస్త పొడిగిస్తే కోత కూడా ముందుకే జరుగుతుంది.

ఎన్నిసార్లు బాగుచేసినా ఇసుక తిరిగి రావడం లేదు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు మన తీరం వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. విశాఖ ఆర్కే బీచ్‌కు దక్షిణాన 1933లో ఓడరేవు ప్రారంభమైంది, 1970లలో సముద్రంలోకి కట్టలు వేసి ఔటర్ హార్బర్ కట్టారు. ఆ కట్టల దగ్గర ఇసుక ఆగిపోతే ఉత్తరాన బీచ్‌కు అందదు. అందుకే అక్కడ తవ్విన ఇసుకను ఇటు పోయడం ఎన్నో ఏళ్ళుగా సాగుతోంది. గోడ మరమ్మతు అంచనాలో ఇసుక పోసే ఖర్చు కూడా చేర్చండి. గోడ ఎదుట ఇసుక ఉంటే అల దాని మీదే విరిగి నీరసపడుతుంది, గోడకు దెబ్బ తగ్గుతుంది.

ఎప్పుడు చేయాలి?

నైరుతి రుతుపవనాల్లో అలలు పెద్దవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం. మిగిలేది జనవరి నుంచి మే దాకా. అయితే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ ఈ నెలల మొదట్లోనే. కాబట్టి ఇసుక మీదికి జేసీబీ దించే ముందు అటవీశాఖతో మాట్లాడాలి. సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ నిబంధనల) అనుమతులకూ సమయం పడుతుంది, ఆ కాగితాల పని తుఫాను తగ్గిన వారంలోనే మొదలుపెట్టండి. పెదజాలరిపేట లాంటి మత్స్యకారుల పేటల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, పడవలు ఒడ్డునే ఉంటాయి. లారీల దారి ఎటు వేయాలో అక్కడి పెద్దల్ని ముందే అడగండి. ఇసుక ఏ నెలలో ఎంత దిగుతుందో కూడా వాళ్ళే చెబుతారు, రాసుకోండి.

పని అయ్యాక ఒకే చోట నిలబడి నెలకోసారి ఫొటో తీయండి. గోడ మీద పెయింట్‌తో ఒక గీత గీసి, దాని నుంచి ఇసుక ఎంత కిందికి ఉందో టేపుతో కొలవండి. సెప్టెంబరు చివర్లో ఆ కొలత పోయినేడాది కంటే పెరిగితే, కొన్ని లారీల పెద్ద రాళ్ళను దగ్గర్లో సిద్ధంగా ఉంచుకోండి.