డయాబ్లో 2: లార్జుక్‌కి ఏది ఇవ్వాలి, క్యూబ్‌లో ఏది వేయాలి

డయాబ్లో 2 గేమ్‌లో రూన్లన్నీ (మంత్రాక్షరాల రాళ్లు) కుదురుతాయి, తీరా సాకెట్ల (రూన్లు పొదిగే గుంటల) లెక్క తప్పి మంచి బేస్ (వాటిని పొదిగే ఆయుధం, డాలు లేదా కవచం) కాస్తా పాడవుతుంది. ముందు ఒక్కటి చూడండి: రూన్‌వర్డ్‌కి (నిర్ణీత వరసలో పొదిగే రూన్ల కూర్పుకి) కావలసిన సాకెట్లూ, ఆ బేస్‌కి పట్టే గరిష్ఠ సాకెట్లూ సమానమేనా?

సమానమైతే యాక్ట్ 5 మొదటి క్వెస్ట్ బహుమతిగా కమ్మరి లార్జుక్‌తో సాకెట్లు వేయించండి. మామూలు బేస్‌కైనా, సుపీరియర్‌కైనా (మేలురకానికైనా) అతను గరిష్ఠమే వేస్తాడు. మోనార్క్ డాలుకి 4 పడతాయి, స్పిరిట్ రూన్‌వర్డ్‌కి అంతే కావాలి (టాల్, థుల్, ఓర్ట్, ఆమ్న్, ఇదే వరసలో). ఎనిగ్మా రూన్‌వర్డ్‌కి 3 కాబట్టి మేజ్ ప్లేట్ కవచం ఇవ్వండి. బలం 55 ఉంటే తొడుక్కోవచ్చు కూడా. ఆర్కన్ ప్లేట్ ఇచ్చారో, 4 పడి ఎనిగ్మాకి పనికిరాదు.

సమానం కాకపోతే హొరాడ్రిక్ క్యూబే (వస్తువులు వేసి కలిపే మాయపెట్టె) దిక్కు. గ్రీఫ్ రూన్‌వర్డ్‌కి 5 కావాలి, ఫేజ్ బ్లేడ్ కత్తికి పట్టేవి 6. ఒక రాల్, ఒక ఆమ్న్, ఒక పర్ఫెక్ట్ అమెథిస్ట్ ఆ కత్తితో పాటు క్యూబ్‌లో వేసి కలపండి. కవచానికైతే టాల్, థుల్, పర్ఫెక్ట్ టోపాజ్. ఫేజ్ బ్లేడ్‌కి 5 పడే అవకాశం ఆరింట ఒకటే, అందుకే బేస్‌లు నాలుగైదు పోగేసుకుని కూర్చోవడం నయం. క్యూబ్ సుపీరియర్‌ని ఒప్పుకోదు.

ఈ లెక్క తప్పేది ఐటమ్ లెవెల్ (వస్తువు రాలినప్పుడు దానికి వచ్చే స్థాయి) దగ్గర. క్రిస్టల్ స్వోర్డ్ 26–40 మధ్య లెవెల్‌ది అయితేనే లార్జుక్ 4 వేస్తాడు, 40 దాటితే 6. స్పిరిట్ కత్తి కోసమైతే నార్మల్ కష్టస్థాయిలోని కౌ లెవెల్లో (ఆవులుండే రహస్య ప్రాంతంలో) ఆవుల దగ్గర రాలినదే ఏరుకోండి.